కొలతల దొర

మనుషుల్ని వరసగా పడుకోబెట్టి టేపుతో కొలిచిన ఆర్కిటెక్టు గురించి మీరెవరూ విని ఉండరు. నేను ఆయన దగ్గర పనిచేశాను. ఆ టేపు రెండో కొస పట్టుకున్నది నేనే.

ఈమధ్య మా వీధిలో కొత్తగా ఇంజనీరింగు పాసైన యువకులు ఒక పత్రిక తెచ్చి చూపించారు. అందులో గాజు గోడల మేడ ముందు నిలబడ్డ ఒక ముసలి అమెరికన్ ఫోటో ఉంది. కొత్త రకం కట్టడాలకు దారి చూపిన మహానుభావుల్లో ఆయనొకడట. కింద ఆయన జీవితం అచ్చువేశారు. చికాగోలో తొలి ఉద్యోగం, సొంత ఆఫీసు, ఆ తర్వాత ‘కొంతకాలం తూర్పు దేశాల్లో విహారం’, ఆ తర్వాత బహుమానాలు. ఆ విహారం ఎలాంటిదో నాకు తెలుసు. అదే మీకు చెబుతాను. పేర్లు మాత్రం అడగవద్దు. పోయినవాళ్ళు పోయారు, వాళ్ళ పిల్లలు ఉన్నారు.

నేను విజయనగరంలో డ్రాయింగు నేర్చుకుని, విశాఖపట్నంలో స్టీమరెక్కి రంగూను చేరినవాణ్ణి. పంతొమ్మిదివందల ఇరవైల నడుమ సంగతి ఇది. రేవుకు దగ్గరలో ఇంగ్లీషువాళ్ళ కంపెనీ ఒకటి బ్యాంకులకు, షావుకార్ల మేడలకు ప్లాన్లు వేసేది. దొరలు పెన్సిలుతో గీసినదాని మీద ట్రేసింగు గుడ్డ పరిచి సిరాతో దిద్దడం నా పని. స్తంభాల తలల మీద ఆకులు, గుమ్మాల మీద సింహాలు దిద్ది దిద్ది, కళ్ళు మూసుకున్నా సింహమే కనిపించేది.

అలాంటి కచేరీలోకి ఈ అమెరికన్ వచ్చాడు. సన్నగా, భుజాలు కాస్త వంగి ఉండేవాడు. ఎండలో కూడా టోపీ పెట్టుకునేవాడు కాదు. ఆయన గీసిన మొదటి బొమ్మ నా బల్ల మీదికి వచ్చినప్పుడు, సగంలో ఆపేశాడనుకుని వెనక్కి పట్టుకెళ్ళాను. ఆకులు లేవు, సింహాలు లేవు. చదునైన కప్పు, దాని అంచు గోడను దాటి గొడుగులా బయటికి చాచి ఉంది.

“పూర్తయింది. అంతే” అన్నాడాయన.

క్లబ్బుకు వెళ్ళేవాడు కాదు. మిగతా దొరలు తాము కట్టిన ఇళ్ళ ఫోటోలు గోడలకు తగిలించుకునేవారు, ఆయన గది గోడలు బోసిగా ఉండేవి. మా పెద్ద దొర ఒకనాడు ఇంకో దొరతో అంటుండగా నేను విన్నాను. “చికాగోలో అంత మంచి చోట పనిచేసినవాడు రంగూను ఎందుకొస్తాడు? ఏదో చేసి వచ్చి ఉంటాడు. పని ఎక్కువై మనిషి దొరక్క పెట్టుకున్నాను గానీ, ఒక కన్ను వేసే ఉంచాను.”

ఆ మాట విన్నప్పటినుంచి నేనూ ఒక కన్ను వేశాను. నాకూ ఒకటి కనిపించింది. ఎక్కడైనా కొత్త కప్పు కింది పోటు కర్రలు తీసేస్తున్నారంటే, ఆయన అక్కడున్న వాళ్ళందరినీ బయటికి తోలేసేవాడు. ఆఖరి కర్ర తీసేదాకా ఆయన పెదవులు తెల్లగా పాలిపోయి ఉండేవి. కప్పు నిలుస్తుందని నమ్మకం లేనివాడు కప్పులెందుకు గీస్తాడు?

అప్పట్లో ఒక బియ్యం మిల్లు యజమానికి తన కూలీల కోసం బస కట్టాలని బుద్ధి పుట్టింది. వాళ్ళు పడుకునే ఇరుకు కొట్లలో జ్వరాలొచ్చి మనుషులు పోతున్నారు, పని ఆగిపోతోంది, అదీ కారణం. మా కంపెనీలో మిగతా దొరలెవరూ కూలీల బస గీయడానికి ఇష్టపడలేదు. అమెరికన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ముందు వాళ్ళెలా పడుకుంటారో చూడాలన్నాడు. తెలుగు తెలిసినవాణ్ణని నన్ను వెంటబెట్టుకున్నాడు.

మనవాళ్ళుండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో నా గదికి రెండు సందుల అవతలే ఒక మేస్త్రీ కొట్టు ఉండేది. శ్రీకాకుళం నుంచి, గంజాం నుంచి మనుషుల్ని తెచ్చి మిల్లులకు, కట్టుబడి పనులకు అప్పగించేవాడు ఈ మేస్త్రీ. పని ఆయనదే, తిండి ఆయనదే, పడుకునే చోటూ ఆయనదే. పగటి పని వాళ్ళు లేచిన చాపల మీదే రాత్రి పని వాళ్ళు పడుకునేవారు. మేము వెళ్ళింది మధ్యాహ్నం. నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు.

అమెరికన్ వాళ్ళను మళ్ళీ పడుకోమన్నాడు. నేను తెలుగులో చెప్పాను. టేపు ఒక కొస నాకిచ్చి, తల దగ్గర పట్టుకోమని, పాదాల దగ్గర తాను మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. ఒక్కొక్కర్నీ చేతులు చాపమని కొలిచాడు. ముడుచుకు పడుకుంటే ఎంత, వెల్లకిలా పడుకుంటే ఎంత అని రాసుకున్నాడు.

అందులో అన్నదమ్ములిద్దరు ఉండేవారు, పలాస దగ్గరివాళ్ళు. తమ్ముడు అందరికన్నా పొడుగు. అన్న లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“ఏటి బావూ, ఈ కొలతలేటి?”

“మీకు పడుకోడానికి అరుగులు కడతారట. ఎంత పొడుగుండాలో చూస్తున్నారు.”

“అరుగుకి మనిసిని కొలుత్తారేటి? మా ఊళ్ళో మనిసిని పడుకోబెట్టి కొలిసేది ఒకందుకే.”

మేస్త్రీ వాకిట్లో కుర్చీ వేసుకుని, చుట్ట కాలుస్తూ అంతా చూస్తున్నాడు. “పోనీరా, కొలుసుకోనీ” అన్నాడు. “దొరలకి ఏ పునాదికి ఎంత మనిసి కావాలో ఆల లెక్కలు ఆలకుంటాయి.”

అక్కడున్నవాళ్ళు నవ్వలేదు. నేను ఆ మాట అమెరికన్‌కు చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

పునాదిలో మనిషిని వేస్తేనే పెద్ద కట్టడం నిలుస్తుందన్న మాట మన వైపు ఏ వంతెన కట్టినా పుడుతుంది. రంగూనులో అది ఒక్క వారంలో మిల్లుల నిండా పాకింది. అమెరికన్‌కు ‘కొలతల దొర’ అని పేరు పెట్టారు. నాకు పేరు పెట్టలేదు గానీ, నేను టీ కొట్లోకి వెళితే మాటలు ఆగిపోయేవి. నాకు క్షవరం చేసే మనిషి, చెయ్యి నొప్పిగా ఉందన్నాడు. పక్క గది ఆవిడ నన్ను చూస్తే తలుపు దగ్గరికి వేసుకునేది. పునాదులకు మనుషుల్ని చూపించి పెట్టేవాడినన్నమాట నేను. ఒక్కొక్కప్పుడు రోడ్డు మీద నడుస్తూ, నిజంగానే నేను దేనికి టేపు పట్టుకున్నానా అని నాకే సందేహం వచ్చేది.

పని మొదలైంది. మిల్లు పక్కనే, ఏటి గట్టున స్థలం. కంట్రాక్టరు మా పెద్ద దొరకు బాగా కావలసినవాడు. కూలీలను మేస్త్రీయే పంపేవాడు. ప్రతి స్తంభం కిందా ఒక దిమ్మ, లోపల ఇనుప చువ్వల గూడు, చుట్టూ కాంక్రీటు. అమెరికన్ అక్కడినుంచి కదిలేవాడు కాదు. ఇసుక పిడికిట పట్టి నీళ్ళలో కలిపి చూసేవాడు. చువ్వలు తానే చేత్తో తడిమి చూసుకునేవాడు. ఇంత అనుమానం మనిషిని తాను చూడలేదని కంట్రాక్టరు కచేరీకి వచ్చి గొణిగేవాడు.

అలాంటివాడు జ్వరంతో మంచాన పడ్డాడు. తిరిగి లేచి స్థలానికి వెళ్ళేసరికి, ఏటి వైపు వరస దిమ్మలన్నీ పోసేసి, పైన మట్టి కూడా కప్పేశారు.

“ఇంత త్వరగా ఎలా అయింది?” అని నన్నడిగాడు.

నాకేం తెలుసు? కచేరీలో కూర్చుని ట్రేసింగు చేసుకుంటున్నాను. ఆయన మట్టి మీద నిలబడి, కాలితో తట్టి చూశాడు. ఒక దిమ్మ తెరిచి చూస్తానని పెద్ద దొరకు చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. అనుమానం ఒక జబ్బనీ, జ్వరం తగ్గినా అది తగ్గలేదనీ అందరి ముందూ అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పలాస అన్నదమ్ముల్లో తమ్ముడు కనిపించకుండా పోయాడు. వాడు ఏటి వైపు వరసలోనే పనిచేశాడు. ఒక సాయంత్రం కొట్టుకు తిరిగి రాలేదు. బట్టలు, చాప అక్కడే ఉన్నాయి. అన్న రేవులో వెతికాడు, ఆసుపత్రిలో వెతికాడు. తర్వాత వెతకడం మానేసి, ఆ మట్టి కప్పిన వరస దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఒక ఉదయం నేను అమెరికన్‌తో బాటు స్థలానికి వెళ్ళేసరికి ఎవరూ పనిలోకి దిగలేదు. మిల్లు కూలీలు కూడా వచ్చి ఏటి గట్టు నిండా నిలబడ్డారు. అరుపులు లేవు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. మేస్త్రీ, కంట్రాక్టరు ఒక పక్కన ఉన్నారు. అంతకుముందే మనిషి వెళ్ళి చెప్పినట్టుంది, మా పెద్ద దొర కూడా గుర్రబ్బండిలో వచ్చి దిగాడు.

అన్న నా దగ్గరికి వచ్చాడు. “బావూ, మీ దొరకి సెప్పండి. మా తమ్ముణ్ణి సూపెట్టమని. బతికున్నోణ్ణి అడగటం నేదు. ఎలగుంటే అలగ సూపెట్టమనండి.”

నేను చెప్పాను. ఈసారి అంతా చెప్పాను. మేస్త్రీ వాకిట్లో అన్న మాట, వాళ్ళు పెట్టిన పేరు, ఇన్నాళ్ళూ అనుకుంటున్నది, ఏదీ దాచలేదు. అమెరికన్ నా మొహం వంక చాలాసేపు చూశాడు. నేను చెబుతున్నది నిజమా, ఏదైనా ఆటలో భాగమా అని తూచుకుంటున్నట్టు చూశాడు. తర్వాత అడిగాడు.

“వాడు ఏ దిమ్మ దగ్గర పనిచేశాడట?”

అన్న చెయ్యెత్తి మూలది చూపించాడు.

“మట్టి తీయండి. పగలగొడదాం.”

పెద్ద దొర మా ఇద్దరి మధ్యకు వచ్చాడు. “నీకు మతి పోయిందా? పోలీసులను పిలుస్తున్నాను. కూలీలు అడిగారని పునాదులు పగలగొట్టే ఆర్కిటెక్టును నేనెక్కడా చూడలేదు.”

“లోపల నేను గీసింది ఉంటే మళ్ళీ పోస్తాను. నా తప్పని నువ్వు రాసుకోవచ్చు” అన్నాడు అమెరికన్.

అప్పుడు జరిగింది ఒక వింత. ఇన్నాళ్ళూ పునాది మాటలు చెప్పిన మేస్త్రీయే ముందుకు వచ్చి చేతులు అడ్డం పెట్టాడు. “ఒద్దురా. పగలగొడితే పాపం. నోపల ఏటున్నా దాన్ని కదపకూడదు. పోలీసోళ్ళు వొచ్చి సూత్తారు, మీరు పనికెల్లండి.”

గట్టు మీద నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్న నిదానంగా అడిగాడు. “నిన్నటిదాకా నువ్వే గద మేస్త్రీ సెప్పినావు, మావోడు నోపలున్నాడని. ఇయేల ఎందుకొద్దంతన్నావు?”

మేస్త్రీ కంట్రాక్టరు వైపు చూశాడు. కంట్రాక్టరు ఏటి వైపు చూశాడు. ఆ చూపులు చాలు. పదిమంది పారలందుకున్నారు. పెద్ద దొర వద్దని ఎన్నిసార్లన్నాడో నాకు గుర్తులేదు, ఎవరూ వినలేదు.

దిమ్మ బయటపడింది. కానీ సమ్మెట పట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. లోపలున్నది తమ మనిషని అందరూ నమ్ముతున్నారు, మరి ఎవరు కొడతారు? అమెరికన్ కోటు విప్పి నాకిచ్చి తానే సమ్మెట తీసుకున్నాడు. ఎత్తబోతుండగా అన్న గోతిలోకి దిగి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

“నెమ్మదిగా కొట్టమనండి బావూ. నోపల మావోడుంటే దెబ్బ తగుల్తాది.”

అది ఇంగ్లీషులో ఎలాగో చెప్పాను. అమెరికన్ తల ఊపి, సమ్మెట పిడిని ఇనుముకు దగ్గరగా పట్టుకుని, గుమ్మం తట్టినట్టు కొట్టాడు.

రాయిలా ఖణేల్మనాల్సిన దిమ్మ ధప్పుమంది. రెండో దెబ్బకు మూల ఊడి కిందపడింది. ఇంకో నాలుగు దెబ్బలకు పక్కంతా జారిపోయింది. లోపల మనిషి లేడు. విరిగిన ఇటుక ముక్కలు, ఏటి బురద, పాత గోనె పట్టాలు ఉన్నాయి. పైపైన చేతి వెడల్పు మేర కాంక్రీటు పూత. ఇనుప చువ్వలు ఉండాల్సిన చోట వెదురు బద్దలు పేర్చారు.

అన్న ఒక్కడే ఆ ఇటుక ముక్కలను చేతులతో తోడుతూ, లోపలి దాకా తడుముతూ ఉండిపోయాడు. తమ్ముడు అక్కడ లేడని నమ్మకం కుదిరాక, గోతిలోనే చతికిలబడి ఏడ్చాడు. అమెరికన్ అతని పక్కనే మట్టిలో కూర్చున్నాడు. నన్ను చూసి, నేనేమీ అడక్కుండానే చెప్పాడు.

“చికాగో దగ్గర ఒక గిడ్డంగి. నా మొదటి సొంత పని. పై అంతస్తు కప్పు పోసి, కర్రలు తీస్తుండగా కూలింది. కింద మనుషులున్నారు. నా లెక్కల్లో తప్పు లేదని విచారణలో తేల్చారు. చువ్వలు తగ్గించింది కంట్రాక్టరట. నేను వెళ్ళి చూడలేదు, నమ్మాను. ఆ తర్వాత నాకెవరూ పని ఇవ్వలేదు.”

మళ్ళీ తానే, “వాళ్ళది న్యాయమే” అన్నాడు.

నేను ఇన్నాళ్ళూ వెతుకుతున్న రహస్యం అదీ. తీరా చేతికి వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆయన కోటు మడత సరిచేసి పట్టుకుని నిలబడ్డాను.

మిల్లు యజమాని హడలిపోయి అన్ని దిమ్మలూ తెరిపించాడు. ఏటి వైపు వరసంతా అదే తంతు. కంట్రాక్టరును పంపేశారు. మేస్త్రీ గుట్టు తర్వాత కూలీలే బయటికి లాగారు. బస లేస్తే మనుషులు తన కొట్టు విడిచి, తన చెయ్యి దాటిపోతారని ఆయన భయం. అందుకని ఆ పునాది కథ పుట్టించాడు. తమ్ముడు మాయం కాగానే అది ఆయనకు కలిసొచ్చింది. అయితే తన కథను నమ్మి ఎవరైనా నిజంగానే పునాది తవ్వుతారని ఆయన ఊహించలేదు. కంట్రాక్టరు లోపల ఏం కప్పెట్టాడో ఆయనకు ముందే తెలుసు, ఆ పని చేసినవాళ్ళు ఆయన మనుషులే కదా.

తమ్ముడు వానలు పట్టే ముందు వచ్చాడు. ఏటికి అవతల దలా అనే ఊళ్ళో ఒక బర్మా పిల్లను పెళ్ళి చేసుకుని, మేస్త్రీకి చిక్కకుండా దాక్కున్నాడట. తాను చచ్చిపోయానని పడవవాళ్ళు చెప్పుకుంటుంటే విని, అన్న కోసం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అన్న వాణ్ణి చెంప మీద కొట్టి, వెంటనే దగ్గరికి తీసుకున్నాడు. మిగతావాళ్ళు మాత్రం దూరంగా నిలబడి వాడి పాదాలు నేల మీద ఆనుతున్నాయో లేదో చూశారు. ఒకడు దగ్గరికి వచ్చి వాడి చెయ్యి గిల్లి చూశాడు.

ఇంత జరిగినా కచేరీలో తప్పు అమెరికన్‌దే అయింది. కూలీల గుంపు మాట విని కంపెనీ పరువు ఏటిలో కలిపాడన్నారు. సాదా బట్టల్లో ఒక పోలీసు అధికారి వచ్చి నన్ను పక్క గదిలో కూర్చోబెట్టాడు.

“ఆయన కూలీలతో సంఘాల గురించి మాట్లాడాడా?”

“లేదండి. అరుగుల గురించి మాట్లాడారు.”

“రష్యా పేరు ఎత్తాడా?”

“నేను విన్నంతలో ఎత్తలేదండి.”

“మరి మనుషులను ఎందుకు కొలిచాడు?”

“ఎంత పొడుగున్నారో తెలుసుకోడానికండి.”

నేనేదో దాస్తున్నానని ఆయన రాసుకున్నాడు. రాసుకునేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ, తలకిందుల అక్షరాలు చదవడం డ్రాఫ్ట్స్‌మన్‌కు అలవాటే.

మిల్లు యజమాని పట్టుబట్టడం వల్ల బస కప్పు వేసేదాకా అమెరికన్‌ను ఉంచారు. చదునైన కప్పు, గొడుగులాంటి అంచు, గాలి ఆడే పొడుగాటి గదులు, మనిషి పూర్తిగా కాళ్ళు చాపుకునేంత అరుగులు. కూలీలు వచ్చి చేరారు. ఏటి వైపు మూల గదిలో మాత్రం చాలాకాలం ఎవరూ పడుకోలేదు. మనిషి లేకపోతే పోయె, ఇంకేదో ఉండే ఉంటుందన్నారు. కప్పు నిలబడిందన్న కబురు రాగానే మా పెద్ద దొర ఆయన ఒప్పందం ముగించేశాడు.

స్టీమరెక్కించడానికి కచేరీ నుంచి నేనొక్కడినే వెళ్ళాను. ఆయనతో కనబడితే తమకూ మచ్చ వస్తుందేమోనని మిగతావాళ్ళు రాలేదనుకుంటాను. నేనూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకునే రేవుదాకా నడిచాను. పలాస అన్న మాత్రం అప్పటికే వచ్చి, సామాన్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కూలీని పిలవనివ్వకుండా పెట్టె తానే నెత్తిన పెట్టుకుని పైకెక్కించి, దొరకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఏరు పోటు మీద ఉంది. సాంపాన్ పడవలు స్టీమరు పక్కకు వచ్చి పోతున్నాయి. నా మనసులో ఒక మాట ఉండిపోయింది. ఇప్పుడడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేనని అడిగేశాను.

“ఆ రోజు పగలగొట్టమన్నారు కదా. మా వాళ్ళ తృప్తి కోసమా, మీ కాంక్రీటు సంగతి తేల్చుకోవడం కోసమా?”

ఆయన తిరిగి నన్నే అడిగాడు. “లోపల ఆ మనిషి ఉంటాడని నువ్వు అనుకున్నావా?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “మొదటి దెబ్బ పడేదాకా అనుకున్నానండి.”

ఆయన ఏటి వంకే చూస్తూ, “నేనూ అనుకున్నాను” అన్నాడు.

తర్వాత స్టీమరు కూత వేసింది. చెయ్యి కలిపి, నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు.